గ్రహశకలానికి దెబ్బ తగిలితే గుంతే పడాలా?

గ్రహశకలాల మీద ఏ వ్యాసం తెరిచినా, ఏ వీడియో పెట్టినా మొదటి నిమిషంలోనే ఒక మాట వచ్చేస్తుంది. 450 కోట్ల ఏళ్లుగా చెక్కుచెదరకుండా మిగిలిన ఆదిమ శిలలు ఇవి అని. వినడానికి బాగుంటుంది కాబట్టి అందరూ వాడేస్తుంటారు. అందులో సగం నిజమే కూడా. వాటిలో ఉన్న పదార్థం పాతదే. ఆ పదార్థం ఇవాళ తొడుక్కున్న ఆకారం మాత్రం పాతది కాదు. పైన కనిపించే రాళ్ల పరుపూ పాతది కాదు. ముఖ్యంగా కిలోమీటరు లోపు ఉండే చిన్న శకలాలను పట్టుకుని ‘చెక్కుచెదరని’ అనడం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఇంత తేలిగ్గా చెదిరే వస్తువులు సౌరకుటుంబంలో బహుశా ఇంకేవీ లేవు.

నేను ఇక్కడ వాదించబోయేది ఒక్కటే. చిన్న దెబ్బ అంటే ఒంటి మీద చిన్న మచ్చ అనుకోవడం మానాలి. రాళ్లూ దుమ్మూ వదులుగా పోగుపడిన శకలానికి ఒక చిన్న దెబ్బ మొత్తం రూపాన్నే మార్చగలదు, పైపొరను తిరగేయగలదు. ఇంత చేసి కూడా, ఇదిగో ఇక్కడ తగిలింది అని చూపించడానికి ఒక గుంతను మిగల్చకపోవచ్చు. దెబ్బ తగిలిందంటే గుంత చూపించు అని అడిగే అలవాటు మనకు చంద్రుడి నుంచి వచ్చింది. టెలిస్కోపు అటు తిప్పిన రోజు నుంచి నాలుగు వందల ఏళ్లుగా చంద్రుడి మీది గుంతల్ని చూస్తున్నాం, గీస్తున్నాం, లెక్కపెడుతున్నాం. కానీ చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. అక్కడ వల్లెవేసిన పాఠాన్ని 150 మీటర్ల రాళ్లకుప్ప దగ్గర అప్పజెబితే చెల్లదు.

బలహీనం, వదులు అంటే ఎంత? అంకెల్లోకి దిగకపోతే ఈ మాటలకు అర్థం లేదు. డైమార్ఫస్‌నే తీసుకుందాం. డిడిమోస్ అనే 800 మీటర్ల లోపు గ్రహశకలం చుట్టూ తిరిగే బుల్లి చందమామ అది. వ్యాసం సుమారు 150 మీటర్లు. సాంద్రత ఘనపు మీటరుకు 2,400 కిలోలు అనుకుంటే బరువు 430 కోట్ల కిలోల దాకా వస్తుంది. దాని మీద గురుత్వాకర్షణ భూమ్మీద ఉన్నదానిలో దాదాపు రెండు లక్షలవ వంతు. సెకనుకు 9 సెంటీమీటర్ల వేగంతో పైకి విసిరిన రాయి ఇక తిరిగి రాదు. ఇవే సంఖ్యలతో దాని నడిబొడ్డున, అంటే మొత్తం బరువు వచ్చి పడే చోట, ఒత్తిడి ఎంతో లెక్క కట్టవచ్చు. నాలుగున్నర పాస్కళ్లు వస్తుంది. మామూలు ప్రింటర్ కాగితం ఒకటి బల్ల మీద పరిస్తే అది బల్ల మీద మోపే ఒత్తిడి ముప్పాతిక పాస్కల్ పైచిలుకు. అంటే ఒక గుట్టంత వస్తువు మధ్యలో నలిగిపోతూ ఉండాల్సిన రాయి మోస్తున్నది ఆరు కాగితాల బరువు. లెక్క తప్పిందేమో అని ఎవరైనా మళ్లీ వేసి చూస్తారు. తప్పలేదు.

మరి ఆ కుప్పను పట్టి ఉంచుతున్నది ఏమిటి? కొంత ఈ బక్క గురుత్వాకర్షణ. కొంత రాళ్ల మధ్య రాపిడి. ఇంకొంత, రాళ్ల సందుల్లో ఉన్న సన్నని దుమ్ము. సూక్ష్మమైన కణాల మధ్య ఉండే వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణ అక్కడ జిగురులా పనిచేస్తుంది. భూమ్మీద మనం దాన్ని పట్టించుకోం, ఎందుకంటే ఇక్కడ బరువు ముందు అది లెక్కలోకి రాదు. అక్కడ బరువే లేదు కాబట్టి పెత్తనమంతా దానిదే అయిపోతుంది. ఆ జిగురు ఎంత గట్టిది అన్నదాని మీదే ఈ కథంతా నడుస్తుంది.

ఇప్పుడు దెబ్బ సంగతి. ఏదైనా వచ్చి గుద్దినప్పుడు గుంత ఎంత పెద్దదవ్వాలో నిర్ణయించేది గుద్దిన బలం ఒక్కటే కాదు, ఆ గుంతను పెరగనివ్వకుండా ఆపే బ్రేకులు కూడా. అలాంటివి రెండున్నాయి. ఒకటి పదార్థం గట్టిదనం. గట్టి రాతి మీద చిన్న దెబ్బ పడితే రాయి విరగడం ఆగిన చోట గుంతా ఆగుతుంది. రెండోది గురుత్వాకర్షణ. చంద్రుడి మీది పెద్ద గుంతల్ని ఆపింది ఇదే. పైకి లేచిన మట్టి బరువే దాన్ని వెనక్కి లాగేస్తుంది. డైమార్ఫస్ లాంటి చోట మొదటి బ్రేకు అరిగిపోయి ఉంది, రెండోది ఉన్నా లేనట్టే. దాంతో గుంత పెరుగుతూనే ఉంటుంది. గుద్దిన వస్తువు ఒక్క క్షణంలో ముగిసిపోతుంది, కానీ అది కదిలించిన పదార్థం నింపాదిగా, గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. చివరికి గుంత అంచు ఆ శకలం వంపు దాటి అవతలికి పోతుంది. అప్పుడు దాన్ని గుంత అని ఏ లెక్కన అంటాం? అది ఆ శకలానికి వచ్చిన కొత్త ఆకారం.

ఇది నా ఊహ కాదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన సబీనా రాడుకాన్, మార్టిన్ యుట్జీ ఇదే విషయాన్ని సిమ్యులేషన్లలో చూపించి 2022లో ప్రచురించారు. శకలాన్ని గుద్ది దారి మళ్లించగలమా అని చూడటానికి నాసా పంపిన డార్ట్ నౌక కావాలనే వెళ్లి డైమార్ఫస్‌ను గుద్దడానికి కొద్ది నెలల ముందు. పదార్థం జిగురు చాలా తక్కువైతే అంత చిన్న దెబ్బకే శకలం మొత్తంగా రూపం మారుతుందని, లోపలి పదార్థం బయటకు వచ్చి ఉపరితలం చాలా భాగాన్ని కప్పేస్తుందని అందులో ఉంది. ముందు చెప్పి, తర్వాత చూసి, సరిపోయిందో లేదో తేల్చుకునే అవకాశం గ్రహశాస్త్రంలో అరుదు. అందుకే నాకు ఆ పేపరంటే ప్రత్యేకమైన గౌరవం.

అయితే డార్ట్ కంటే ముందే జపాన్ వాళ్లు ఈ ప్రశ్నను చేత్తో తడిమి చూశారు. 2019 ఏప్రిల్ 5న హయబుసా2 నౌక ర్యూగు అనే 900 మీటర్ల గ్రహశకలం పైన ఒక చిన్న పెట్టెను వదిలేసింది. అందులో పేలుడు పదార్థం, ముందు ఒక రాగి పలక. నౌక ఆ పేలుడు ముక్కలు తనకు తగలకుండా శకలం చాటుకు వెళ్లి దాక్కుంది. వెళ్తూ వెళ్తూ దారిలో ఒక చిన్న కెమెరాను వదిలింది. పెట్టె పేలి, 2 కిలోల రాగి ముద్ద సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో ర్యూగు మీద పడింది. ఆ ఒంటరి కెమెరా ఎనిమిది నిమిషాలకు పైగా ఫొటోలు తీసింది. వాటిలో కనిపించేది ఒక తెరలా లేచిన రాళ్లూ మట్టీ. ఆ తెర చివరిదాకా నేలను పూర్తిగా వదల్లేదు. ఈ ఒక్క వివరంలో అసలు సంగతంతా ఉంది. పదార్థానికి గట్టిదనం ఉంటే, నెమ్మదిగా కదిలే చివరి భాగాన్ని అది పట్టి ఆపేస్తుంది, దాంతో ముందే ఎగిరిన తెర నేల నుంచి తెగిపోయి పైకి పోతుంది. ఇక్కడ తెగలేదంటే, గుంతను ఆపింది గట్టిదనం కాదు, ఆ వీసమెత్తు గురుత్వాకర్షణే.

గుంత వ్యాసం 14 మీటర్ల పైనే వచ్చింది. రెండు కిలోల రాగికి. పైగా అది పూర్తి గుండ్రంగా కూడా లేదు, అర్ధచంద్రాకారంలో ఉంది. ఒక పక్క పెద్ద బండ ఒకటి అడ్డు నిలిచి గుంతను అటువైపు పెరగనివ్వలేదు. ఇంకో బండ కొన్ని మీటర్లు పక్కకు జరిగింది. గుంత నడుమ ఇంకో చిన్న గుంట పడింది. అంటే పైపొర కింద కాస్త గట్టి పొర ఒకటి ఉండి ఉండాలి. నాకు ఈ ప్రయోగం డార్ట్ కంటే ఎక్కువ నచ్చుతుంది. డార్ట్‌కు వచ్చిన ప్రచారంలో పదో వంతు కూడా దీనికి రాలేదు.

ర్యూగు గుంత ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. గ్రహాల ఉపరితలం వయసు చెప్పడానికి మనకున్న పాత గడియారం గుంతల లెక్క. గుంతలు ఎక్కువుంటే పాత నేల, తక్కువుంటే కొత్త నేల. కానీ ఫలానా సైజు గుంత పడాలంటే ఎంత రాయి వచ్చి పడాలో తెలిస్తేనే ఆ గడియారం నడుస్తుంది. చిన్న రాళ్లు అంతరిక్షంలో చాలా ఎక్కువ, పెద్దవి చాలా తక్కువ. చిన్న రాయికే పెద్ద గుంత పడేట్టయితే అదే గుంతలు చాలా తక్కువ కాలంలో పడిపోయి ఉండవచ్చు. ర్యూగు నేల పొడిమట్టిలా కాస్త గట్టిదనుకుని లెక్క వేస్తే దాని వయసు 10 కోట్ల ఏళ్లు దాటుతుంది. జిగురే లేదనుకుంటే కోటి ఏళ్ల దగ్గరికి పడిపోతుంది. ఒకే ఫొటోలు, ఒకే గుంతలు. నేల ఎంత గట్టిది అన్న ఒక్క ఊహ మారితే వయసు పదింతలు మారిపోతోంది. రాగి ముద్ద ప్రయోగం రెండో లెక్క వైపే మొగ్గింది.

బెన్నూ అనే ఇంకో గ్రహశకలం దగ్గర ఇంకా విచిత్రం. 2020 అక్టోబర్ 20న నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక మట్టి నమూనా కోసం దాని మీద చెయ్యి ఆనించింది. దిగిన వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు. నేల ఆ చేతిని అడ్డుకుంటుందని అంతా అనుకున్నారు. చెయ్యి దాదాపు అర మీటరు లోపలికి దిగిపోయింది. వెంటనే ఇంజిన్లు వెలిగించి వెనక్కి రాకపోయి ఉంటే ఇంకా దిగేదే. తర్వాత 2021 ఏప్రిల్‌లో అదే చోటు మీదుగా వెళ్లి చూస్తే 8 మీటర్ల మేర నేల గుల్లయి ఉంది, 1.25 మీటర్ల బండ ఒకటి 12 మీటర్ల అవతల పడి ఉంది. ఇందులో ఎక్కువ భాగం ఇంజిన్ల గాలి చేసిన పని, చెయ్యి చేసింది కాదు. అది ఒప్పుకోవాలి. అయినా గాలి ఊదితే ఇంత కదిలే నేల మీద, సెకనుకు కిలోమీటర్ల వేగంతో వచ్చే రాయి ఏం చేస్తుందో వేరే చెప్పాలా?

బెన్నూ మీదే 70 మీటర్ల పాత గుంత ఒకటుంది. దాని చుట్టూ, గుంత నుంచి చిమ్మిన పదార్థం పరుచుకుని ఉంది. చూడ్డానికి మామూలు సంగతే, ఆలోచిస్తే కాదు. సెకనుకు 20 సెంటీమీటర్లు దాటిన ఏ రాయీ బెన్నూ మీద నిలవదు, ఎగిరిపోతుంది. గట్టి నేల పగిలితే ముక్కలు వేగంగానే లేస్తాయి. కాబట్టి చిమ్మిన పదార్థం అక్కడే పడి ఉందంటే అది చాలా నెమ్మదిగా లేచింది, అంటే నేలకు గట్టిదనం దాదాపు లేదు. అలా లెక్కగట్టి ఆ పైపొర బలం 2 పాస్కళ్ల లోపే అని తేల్చారు. మళ్లీ కాగితాల లెక్కలోకే వచ్చాం.

ఇక డార్ట్. 2022 సెప్టెంబర్ 26న, సుమారు 580 కిలోల నౌక, సెకనుకు 6.1 కిలోమీటర్ల వేగం. లైవ్‌లో చూసినవాళ్లకు ఆ చివరి నిమిషం టెన్షన్ గుర్తుండే ఉంటుంది. చుక్కలా ఉన్నది గుడ్డులా అయింది, తర్వాత తెర నిండా రాళ్లే. పూర్తిగా అందిన ఆఖరి ఫొటో 12 కిలోమీటర్ల దూరం నుంచి, గుద్దడానికి 2 సెకన్ల ముందు తీసింది. అందులో పట్టిన నేల వెడల్పు 31 మీటర్లు. ఎక్కడ చూసినా బండలే, వాటి మధ్య గులకరాళ్లు, సాఫీ నేల అన్నది లేదు. అటాబాక్, బోధ్రాన్ అని తర్వాత పేర్లు పెట్టిన రెండు బండల మధ్యలో నౌక దిగింది. సోలార్ రెక్కలు ముందు ఆ బండలకు తగిలాయి, ఆ వెంటనే నౌక పెట్టె నేలను గుద్దింది.

గుద్దిన శక్తి దాదాపు 1,100 కోట్ల జౌళ్లు. డైమార్ఫస్‌ను ముక్కముక్కలుగా విడదీసి, ఏ ముక్కా మళ్లీ కలవనంత దూరం పంపడానికి కావాల్సిన శక్తి, పైన చెప్పిన బరువుతో లెక్కేస్తే, కోటి జౌళ్లు. వెయ్యి రెట్లు ఎక్కువ శక్తి లోపలికి వెళ్లింది, శకలం మాత్రం బతికింది! కారణం పంపకంలో ఉంది. ఆ శక్తిలో చాలా భాగం గుద్దిన చోటే వేడిగా, నలుగుడుగా ఖర్చయిపోతుంది. మిగిలిందాంట్లో సింహభాగాన్ని వేగంగా ఎగిరిపోయే కొద్దిపాటి పదార్థం పట్టుకుపోతుంది. మిగతా కుప్పకు అందేది చిల్లర. కానీ ఆ చిల్లరే కుప్పనంతా కదిలించడానికి సరిపోతుంది. కింద పడితే విరిగే వస్తువు కాదు ఇది, తాకితే జారే వస్తువు. వదులుగా ఉండడమే దాన్ని కాపాడింది, వదులుగా ఉండడమే దాని రూపం మార్చింది.

రాడుకాన్ బృందం 2024లో, డార్ట్‌తో పాటు వెళ్లిన ఇటలీ బుల్లి నౌక లీసియాక్యూబ్ ఫొటోలతోనూ ఇతర పరిశీలనలతోనూ తమ సిమ్యులేషన్లను సరిపోల్చింది. సరిపోయిన లెక్కల్లో డైమార్ఫస్ జిగురు కొన్ని పాస్కళ్లకు మించలేదు. బరువులో ఒక శాతం దాకా అంతరిక్షంలోకి పోయి, 8 శాతం దాకా అదే శకలం మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలి ఉంటుందని తేలింది. అదే ఏడాది నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లోని శంతను నాయుడు బృందం వేరే దారిలో వచ్చింది. వాళ్లు రాడార్‌నూ, వెలుగులోని హెచ్చుతగ్గులనూ పట్టుకుని కక్ష్య లెక్కలు వేశారు. గుద్దక ముందు పైనుంచి చూస్తే దాదాపు గుండ్రంగా ఉన్న శకలం ఆ తర్వాత కోలగా సాగిందని వాళ్లకు తేలింది. ఇద్దరూ వేర్వేరు తలుపుల నుంచి వచ్చి ఒకే గదిలో కలుసుకున్నారు. నా నమ్మకానికి పెద్ద ఆధారం ఇదే.

ఇక్కడ ఒక పాత వివరణతో నాకు పేచీ ఉంది. చిన్న శకలాల మీద చిన్న గుంతలు ఎందుకు కనపడవు అంటే, చాలాకాలంగా చెప్పే సమాధానం ప్రకంపనలు. ఎక్కడో దెబ్బ తగిలితే శకలం మొత్తం అదురుతుంది, ఆ అదురుకు వాలుల మీది మట్టి జారి గుంతలు పూడిపోతాయి అని. ఈరోస్ మీద ఇది బాగా కుదిరింది. 34 కిలోమీటర్ల పొడవున్న ఆ శకలం మీద 7.6 కిలోమీటర్ల గుంత ఒకటి పడింది, దాని చుట్టుపక్కల చాలా దూరం వరకు చిన్న గుంతలు తుడిచిపెట్టుకుపోయాయి. నియర్ షూమేకర్ నౌక తీసిన ఫొటోలతో 2005లో ఇది బయటపడింది. కానీ ఈరోస్ లోపల పగుళ్లున్నా, కలిసి ఉన్న ఒక పెద్ద రాయి. అదురు దూరం పాకాలంటే అలాంటి ఒళ్లు కావాలి. సగానికి సగం ఖాళీగా ఉండే రాళ్లకుప్పలో అదురు నాలుగడుగులు వేసి చచ్చిపోతుంది. ర్యూగు మీద అదే కనిపించింది. గుంతకు కొన్ని పదుల మీటర్ల అవతల రాళ్లు కదిలిన జాడ దాదాపు లేదు. కాబట్టి రాళ్లకుప్పల విషయంలో అదురు మీద అంత భారం వెయ్యడం సరికాదు. అక్కడ పని చేసేది తవ్వకం. పైకి లేచిన పదార్థం, నెమ్మదిగా పక్కకు పారిన పదార్థం, సెకనుకు ఐదారు సెంటీమీటర్లతో ఎగిరి శకలం అటువైపు వెళ్లి పడిన పదార్థం. కొత్త చర్మం అదే.

ఈ కొత్త చర్మం ఇంకో పాత చిక్కుముడికి కూడా దారి చూపిస్తుంది. రాతి గ్రహశకలాల మీద సూర్యుడి నుంచి వచ్చే కణాలు, సూక్ష్మ ఉల్కలు తగిలీ తగిలీ నేల కాస్త నల్లబడుతుంది, ఎర్రబారుతుంది. ఇది పది లక్షల ఏళ్లలోపే జరిగిపోగలదు. అయినా భూమికి దగ్గరగా తిరిగే చిన్న శకలాల్లో కొన్ని, ఇప్పుడే విరిచిన రాయిలా తాజా రంగుతో ఉంటాయి. క్యూ రకం అంటారు వాటిని. భూమికి బాగా దగ్గరగా వెళ్లినప్పుడు దాని లాగుడుకు మట్టి కదిలి లోపలిది బయటపడి ఉంటుందని రిచర్డ్ బింజెల్ బృందం 2010లో చెప్పింది. ఆకర్షణీయమైన ఆలోచనే. కానీ అంగారకుడికీ గురుడికీ మధ్య పట్టీలో, భూమి ఛాయలకే రాని చోట కూడా కొన్ని క్యూ రకం శకలాలు దొరికాయి. వాటికి ఎవరు ఒళ్లు తోమినట్టు? ఎండకూ చలికీ రాళ్లు పగలడం ఒక దారి, శకలం వేగంగా తిరిగి మట్టి జారడం ఇంకో దారి. ఆ జాబితాలో చిన్న దెబ్బల్ని అడుగున పెట్టడం నాకు నచ్చదు. ఒక్క దెబ్బతో శకలంలో చాలా భాగానికి కొత్త పూత పడుతుందని తేలాక వాటి స్థానం పైకి రావాలి.

ఎదురువాదనలు లేవా అంటే ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. మొదటిది బండల కవచం. వచ్చే రాయి కంటే నేల మీది బండ పెద్దదైతే, దెబ్బ ఆ బండను పగలగొట్టడంతోనే సరిపోతుంది, కింద మట్టి దాకా దిగదు. బెన్నూ మీద ఇది స్పష్టంగా కనిపించింది. రెండు మూడు మీటర్ల కంటే చిన్న గుంతలు అక్కడ ఉండాల్సినన్ని లేవు, వాటికి బదులు బండల ముఖాల మీద బుల్లి గుంటలు ఉన్నాయి. కాబట్టి ప్రతి చిన్న దెబ్బా రూపం మార్చేస్తుందని నేననడం లేదు. మరీ చిన్నవి కవచం మీదే ఆగిపోతాయి, మరీ పెద్దవి శకలాన్నే లేకుండా చేస్తాయి. నా వాదన ఈ రెంటి మధ్య ఉన్నవాటి గురించే. అవి గుంతల రిజిస్టర్‌లోకి ఎక్కకుండానే శకలాన్ని మళ్లీ మళ్లీ మలుస్తుంటాయి.

రెండో అభ్యంతరం ఇంకా ఇబ్బంది పెట్టేది. అన్ని కుప్పలూ అంత వదులు కాదు. 1950 డీఏ అనే శకలం 2 గంటల పైచిలుకులో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ వేగానికి గురుత్వాకర్షణ ఒక్కటే దాన్ని పట్టి ఉంచలేదు. సుమారు 64 పాస్కళ్ల జిగురు కావాలని 2014లో లెక్క తేలింది. భూమ్మీద 64 పాస్కళ్లు అంటే ఊదితే పోయేదే, కానీ ఆ ప్రపంచంలో అది డైమార్ఫస్‌కు పదింతలు పైన. అలాంటి శకలానికి డార్ట్ లాంటి దెబ్బ తగిలితే మర్యాదగా ఒక గుంత పడి ఊరుకోవచ్చు. దుమ్ము ఎంతుంది, ఎంత సన్నంగా ఉంది అన్నదాన్ని బట్టి శకలం శకలానికీ కథ మారుతుంది. బయటి నుంచి చూసి ఏది ఏ రకమో చెప్పడం ఇప్పటికి కుదరని పని. ఫొటోల్లో ర్యూగు, బెన్నూ, డైమార్ఫస్ మూడూ చూడ్డానికి అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

భూమిని కాపాడుకునే పథకాలకు ఇది తలనొప్పి. వదులు శకలాన్ని గుద్దితే అది దెబ్బను మింగేసి కదలకుండా ఉంటుందేమో అని ఒక భయం ఉండేది. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. డిడిమోస్ చుట్టూ డైమార్ఫస్ ఒక చుట్టు తిరిగే కాలం కనీసం 73 సెకన్లు తగ్గితే గెలిచినట్టే అనుకున్నారు, 33 నిమిషాలు తగ్గింది. నౌక ఇచ్చిన తోపుకు మూడున్నర రెట్లు తోపు పడింది. వెనక్కి ఎగిరిన రాళ్లే ఆ అదనపు తోపు ఇచ్చాయి. అందరూ ఈ ముక్క దగ్గర చప్పట్లు కొట్టి ఆగిపోతారు. ఎగిరిన రాళ్ల సంగతీ చూడాలి కదా. హబుల్ టెలిస్కోపు శకలం చుట్టూ 37 బండల్ని చూసింది. లీసియాక్యూబ్ ఫొటోల్లో 104 బండలు లెక్క తేలాయి, కొన్ని సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో పోతున్నాయి, అదీ అన్ని వైపులకూ సమంగా కాదు, గుంపులుగా. అంటే తోపు మనం అనుకున్న దిశలోనే పూర్తిగా పడలేదు. నిజంగా భూమి వైపు వచ్చే శకలాన్ని ఒకసారి గుద్ది, చాలకపోతే ఇంకోసారి గుద్దుదాం అనుకుంటే, రెండోసారి గుద్దేటప్పుడు ఎదురుగా ఉండేది మొదటి శకలం కాదు. ఆకారం వేరు, తిరిగే తీరు వేరు, పైన ఉన్న రాళ్లు వేరు.

వీటికి జవాబు కోసం యూరప్ వారి హెరా నౌక 2024 అక్టోబర్ 7న బయలుదేరింది, 2025 మార్చిలో అంగారకుడి పక్కనుంచి వెళ్లింది, 2026 చివర్లో డైమార్ఫస్ చేరుతుంది. గుంత ఎంత పెద్దది అన్న ప్రశ్న చుట్టూనే దాని గురించిన వార్తలన్నీ తిరుగుతున్నాయి. నన్నడిగితే ముందు చూడాల్సింది అది కాదు. మొదట బరువు తూచాలి, ఎందుకంటే మూడున్నర రెట్లు అన్న లెక్కా, నేను పైన వేసిన పాస్కళ్ల లెక్కా ఊహించిన సాంద్రత మీదే నిలబడి ఉన్నాయి. తర్వాత గుద్దిన చోటికి దూరంగా, డార్ట్ ఫొటోల అంచుల్లో కనిపించిన నేలను చూడాలి. డార్ట్ చూసింది ఒక పక్కనే కాబట్టి ముందూ తర్వాతా పోల్చడానికి మనకున్నది ఆ పక్క ఒక్కటే. అక్కడ పాత బండలు పాత చోటే ఉన్నాయా, మీద కొత్త మట్టి పడిందా, వాటి మధ్య దూరాలు మారాయా అన్నది తేల్చవచ్చు. హెరాతో వెళ్లిన జువెంటాస్ అనే చిన్న నౌక రాడార్‌తో శకలం లోపలికి కూడా తొంగి చూస్తుంది.

దూరంగా ఉన్న బండలు కూడా జరిగి, కొత్త మట్టి కప్పుకుని కనిపిస్తే ఈ వాదన నిలుస్తుంది. అలా కాకుండా, ఒకచోట చక్కగా అంచులు తేలిన చిన్న గుంత ఒక్కటే ఉండి, చుట్టూ పాత నేల పాతలాగే ఉంటే, డైమార్ఫస్ జిగురు సిమ్యులేషన్లు చెప్పినదానికంటే చాలా ఎక్కువని అర్థం. అప్పుడు కోలగా సాగిందన్న లెక్కకు వేరే కారణం వెతకాలి, చిన్న దెబ్బలకు నేనిచ్చిన పెద్దపీటను వెనక్కి లాగాలి.